చదువుకోడానికి వెళ్లిన బస్సు

"ఐరోపాలో మిగతా మనుషులు ఎలా బస్సెక్కుతున్నారో తెలుసుకోకుండా మన మనుషుల్ని బస్సెక్కించడం బాధ్యత లేని పని!" అని ప్రాంతీయ రవాణా మంత్రి ఫుల్వియో బ్రాందొలిన్ గారు విలేకరుల ముందు ప్రకటించారు. పక్కనే నీళ్లసీసా పట్టుకుని నిలబడ్డ ఆయన కార్యదర్శి ఒర్నెల్లాకి ఒళ్లు పులకరించింది. అంతలోనే తల్లి గుర్తొచ్చి పులకరింత సగానికి దిగింది.

సంగతి చూస్తే చిన్నది. కొండమీది మొంతెచూకో నుంచి కిందనున్న బోర్గొలాంద్రో సంతకి ఒకటే బస్సు. అది చేరేసరికి అక్కడ గుడారాలు విప్పేస్తుంటారు. అరగంట ముందు బయల్దేరదీయమని ఊరి ఆడవాళ్లంతా మంత్రిగారి దగ్గరికి వచ్చారు. అందరి తరఫునా మాట్లాడింది ఒర్నెల్లా తల్లి ఇయోలాంద. మేకపాల జున్ను అమ్ముకునే మనిషి, ఆ గొంతుకి మైకు దండగ.

"ఎండెక్కాక చేరితే నా జున్ను ఎవరు కొంటారు బాబూ? ఈగలా?"

ఇంకో మంత్రయితే అరగంట జరిపేసి చేతులు దులుపుకునేవాడు. ఫుల్వియో గారు అంత తేలికమనిషి కాదు. "అరగంటంటే ఏ అరగంట తల్లీ? డచ్చివాళ్ల అరగంటా, ఐర్లండువాళ్ల అరగంటా? పోల్చి చూడకుండా మీకేదో నాసిరకం అరగంట అంటగట్టమంటారా?" అన్నారు. అధ్యయన యాత్ర అక్కడికక్కడే ఖాయమైంది.

విమానంలో వెళ్తే పర్యావరణవాదులు తిడతారు. రైల్లో వెళ్తే బస్సుల్ని చిన్నచూపు చూసినట్టవుతుంది. కాబట్టి బస్సులోనే వెళ్లాలని మంత్రిగారు నిశ్చయించారు.

"ఏ బస్సు మంత్రిగారూ?" అంది ఒర్నెల్లా.

"మొంతెచూకో బస్సే. బాగుపడాల్సింది అదేగా!"

"మరి ఊళ్లోవాళ్లు?"

"చదువుకోవాల్సింది ఊరా, బస్సా?"

బస్సుకి స్నానం చేయించి, ఒంటినిండా ఐరోపా పటం వేయించారు. డ్రైవరు నేవియోకి కొత్త టోపీ ఇచ్చారు. పోలికల శాస్త్రంలో నిపుణుడైన ఒక ప్రొఫెసరూ, ఒక ఫొటోగ్రాఫరూ ఎక్కారు. బాండుమేళం వాయిస్తుండగా బస్సు కదిలేసరికి ఇయోలాంద జున్నుబుట్ట చంకనేసుకుని వెనకాల పరిగెత్తింది.

"ఒసే ఒర్నెల్లా! ఆపమనవే! సంతరోజే ఇవాళ!"

ఒర్నెల్లా కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇంకేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

మొదటి మజిలీ తిరోల్. అక్కడ మంచు కురుస్తున్నా బస్సు చెప్పిన నిమిషానికి వచ్చి నిలబడింది. జనం మాటామంతీ లేకుండా ఎక్కి కూర్చున్నారు. మంత్రిగారి ముఖం వాడిపోయింది.

"చూశావుటమ్మా? బస్సు కోసం ఎదురుచూసే భాగ్యం లేదు వీళ్లకి. ఇరుగూపొరుగూ మాట్లాడుకునేదెప్పుడు? సంబంధాలు కుదిరేదెప్పుడు? రాసుకో. సమయపాలన వల్ల సమాజం విచ్ఛిన్నం."

ఒర్నెల్లా రాసుకుంది. ఆ సాయంత్రం తల్లి ఫోను చేసింది.

"ఏమే, బస్సెక్కడుంది?"

"ఆస్ట్రియాలో ఉందమ్మా."

"సరే. ఇవాళ కొంచెం చుట్టుతిరిగి వస్తోందన్నమాట."

హాలెండులో ముసలమ్మలు కూడా సైకిళ్లు తొక్కుకుంటూ కూరలు తెచ్చుకుంటున్నారు. మంత్రిగారు ఒక సైకిలెక్కి ఫొటో దిగారు. దిగాక కాలవలోకీ దిగారు. ఒడ్డుకి లాగాక, నీళ్లు కారుతున్న కోటుతోనే, ఈ పద్ధతి మనకి నప్పాలంటే ముందు కొండలు తీసేయాలనీ, కొండల శాఖ తన చేతిలో లేదనీ తేల్చారు. ప్రొఫెసరు అవునవునని తలూపాడు. కోపెన్‌హాగెన్‌లో రేవు నీళ్లమీద పడవబస్సు తిరుగుతుంటే మంత్రిగారు ముగ్ధులైపోయారు. మొంతెచూకోకి సముద్రం రప్పించే సాధ్యాసాధ్యాల మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘం మొదటి సమావేశం ఆ పడవలోనే, వేపుడు చేపలతో జరిగింది.

ఐర్లండు పడమటి తీరంలో మాత్రం ఒర్నెల్లా కలం ఆగింది. అక్కడొక చిన్న వ్యాను గడపగడపకీ వచ్చి ముసలివాళ్లని ఎక్కించుకుంటోంది. డ్రైవరు దిగి ఒకావిడ సంచీ అందుకుని, "మోకాలెలా ఉంది పిన్నీ?" అని అడిగాడు.

"మంత్రిగారూ, మనకిది బాగుంటుంది," అందామె తెగించి.

"మోకాలి గురించి అడుగుతాడా!" మంత్రిగారు నొచ్చుకున్నారు. "ఒక ప్రభుత్వం పౌరుడి మోకాలిదాకా రావచ్చునా? వ్యక్తిగత గోప్యత ఏంకావాలి? కొట్టేసెయ్."

ఒర్నెల్లా కొట్టేసింది. చాలా సన్నగీతతో కొట్టేసింది, కింద అక్షరాలు కనబడేలా.

ఆ వారం తల్లి ఫోను చెయ్యలేదు. కంగారుపడి తనే చేసింది.

"ఎలా వెళ్తున్నారే అమ్మా సంతకి?"

"రొట్టెల బండివాడు లేడూ, తెల్లారగట్ల దిగుతాడుగా! రొట్టెల మధ్యన కూచోబెట్టుకుని తీసుకెళ్తున్నాడు. వెచ్చగా ఉంటుంది, నడుం నొప్పి కూడా తగ్గింది. వచ్చేటప్పుడు పాదిరీ గారి కారు. ఆయనతోటే చిక్కు, మలుపు తిప్పేముందు స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టుకుంటాడు. జున్నంతా అమ్ముడైపోతోంది లేవే. మీ బస్సుని నిదానంగానే చదువుకోమను, తొందరేం లేదు."

యాత్ర ముగించుకుని తిరిగొచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. బస్సుని మాత్రం ఊరికి పంపలేదు. ఇంత చదువుకున్న బస్సుని కొండదారిలో తిప్పడం దుర్వినియోగమని రాజధానిలో గాజుమందిరం కట్టించి ప్రదర్శనకి పెట్టారు. నేవియో రోజూ టోపీ పెట్టుకుని అందులో కూర్చునేవాడు. బడిపిల్లలొస్తే హారను కొట్టి వినిపించేవాడు.

ఆ తరవాత వచ్చింది అసలు కబురు. ఐరోపా ప్రాంతాల రోజువారీ రవాణాని పోల్చే సమాఖ్య ఒకటి ఊరూరా స్టాపుల దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టి, బస్సు కోసం జనం ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కేయించింది. మొంతెచూకో స్టాపులో వాళ్ల మనిషి వారమంతా కూర్చున్నా నిలబడ్డవాడు ఒక్కడూ కనబడలేదు. నిరీక్షణ సున్నా. ఆలస్యం సున్నా. ఫిర్యాదు సున్నా. ఐరోపాలోకెల్లా ప్రథమ బహుమతి!

"అసలు బస్సే లేదు కదా మంత్రిగారూ!" అంది ఒర్నెల్లా.

"అందుకేనమ్మా నిన్ను పక్కన పెట్టుకున్నది," మంత్రిగారు మెచ్చుకున్నారు. "అసలు కారణం ఇట్టే పట్టేస్తావు."

బహుమతి ప్రదానం మొంతెచూకో ఊరి నడుమ చౌకులోనే పెట్టారు. ఈ ఘనత చూసి నేర్చుకుందామని పోర్చుగల్ నుంచి ఆదెలీనో అనే మంత్రి బస్సేసుకుని వచ్చాడు. ఫుల్వియో గారు తన కారు వదిలేసి, అతిథి బస్సులోనే ఊళ్లో దిగారు. భద్రత కోసం ఆ ఉదయం మిగతా బళ్లన్నీ ఆపేశారు. రొట్టెల బండిని కూడా ఊరి బయటే నిలిపేశారు.

అది సంతరోజు. బుట్టలతో ఆడవాళ్లు చౌకులో మండిపడుతున్నారు.

"మహనీయులారా!" అని ఫుల్వియో గారు మొదలుపెట్టారు. "ఎదురుచూపు అనే మాటనే మా నిఘంటువులోంచి..."

ఇయోలాంద వినలేదు. నేరుగా పోర్చుగల్ బస్సు దగ్గరికి వెళ్లింది. డ్రైవరు జసింతు తలుపు తెరిచి చూశాడు. ఆవిడకి అతని భాష రాదు, కానీ చేతులున్నాయి. బుట్ట చూపించింది, కొండకిందికి చూపించింది, ఎండ చూపించి ముక్కు మూసుకుంది.

"అమ్మా, అది వేరే దేశం బస్సే!" ఒర్నెల్లా పరిగెత్తుకొచ్చింది.

"చక్రాలున్నాయా లేవా?"

జసింతు కళ్లు మెరిశాయి. పాపం, అతని బస్సూ చదువుకోడానికి బయల్దేరినదే, అందులోకి బుట్టతో మనిషి ఎక్కి ఎన్ని నెలలయిందో! దిగొచ్చి బుట్ట అందుకుని పైన పెట్టాడు. వెనకాల ఇంకో బుట్ట, ఇంకో బుట్ట. చూస్తుండగానే బస్సు నిండిపోయింది.

"నువ్వొస్తావా, ఉపన్యాసం వింటావా?" అని తల్లి మెట్టుమీంచి అడిగింది.

ఒర్నెల్లా వేదికకేసి చూసింది. చేతిలో నీళ్లసీసా ఉంది. దాన్ని అక్కడున్న గట్టుమీద పెట్టి, బస్సెక్కింది.

మలుపు తిరిగేముందు వెనక అద్దంలోంచి చూస్తే చౌకు ఖాళీగా ఉంది. మంత్రులిద్దరూ పూలదండలు కట్టిన బస్‌స్టాపు కింద నిలబడి ఉన్నారు. ఫుల్వియో గారు అతిథి చెవిలో ఏదో చెప్పారు. నిరీక్షణ సున్నా రికార్డు పాడవుతుందని కాబోలు, ఇద్దరూ స్టాపు దగ్గర్నుంచి నాలుగడుగులు పక్కకి జరిగి నిలబడ్డారు.