ఫోటోలో పడని మెల్లకన్ను

మనిషి కన్ను ఎటైనా తిరగవచ్చు. తిరిగిందని ప్రభుత్వం ఒప్పుకునేదాకా మాత్రం అది తిన్నగా ఉన్నట్టే లెక్క. ఈ సూత్రం ఏ వైద్యగ్రంథంలోనూ లేదు, బాపట్లలోని బాలనేత్ర మంజూరు విభాగంలో గోడకు తగిలించి ఉండేది (ఒక మేకు ఊడి, బోర్డు పక్కకు ఒరిగి ఉండేది).

1987 ఆగస్టులో రేపల్లె టీచరు జకరయ్యగారి ఆరేళ్ళ కూతురు సారాకు మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగో రోజు జ్వరం దిగింది గాని, ఎడమ కన్ను ముక్కు వైపు తిరిగి అక్కడే ఉండిపోయింది. మెల్లకన్ను అదృష్టమని వీధి వీధంతా వచ్చి అభినందించింది. పిల్లకు మాత్రం ప్రతిదీ రెండుగా కనబడసాగింది.

తెనాలి కంటి డాక్టరు పరీక్షలన్నీ చేశారు. "పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించాలి మాస్టారూ. ఆలస్యం చేస్తే ఆ కన్ను చూడటం మానేస్తుంది. తర్వాత తిన్నగా నిలబెట్టినా చూపు రాదు" అన్నారు.

పెద్దాసుపత్రికి బాపట్ల విభాగం ఇచ్చే ఉత్తరం కావాలి. ఉత్తరానికి దరఖాస్తు కావాలి, దరఖాస్తుకు ఫోటో కావాలి.

రేపల్లెలో ఫోటో అంటే వీరాస్వామి స్టూడియోయే. నెగటివ్ మీద పెన్సిల్ పెట్టి దిద్దడం వీరాస్వామికి వ్రతం. ఆయన చేతిలో స్ఫోటకం మచ్చలు మాయమయ్యేవి, బట్టతలల మీద జుట్టు మొలిచేది. పసిపిల్ల కదా అని జాలిపడి, సారా కన్నును కూడా సాయంత్రానికల్లా నడిమధ్యకు తెచ్చిపెట్టాడు.

బాపట్లలో సీనియర్ గుమాస్తా రంగనాయకులు ఫోటోను చూశారు, పిల్లను చూశారు. ఆయనకు ఫోటో మీదే నమ్మకం కుదిరింది.

"కన్ను బాగానే ఉంది కదండీ" అన్నారు.

"పిల్ల మీ ఎదురుగానే ఉందండి" అన్నారు జకరయ్యగారు.

"పిల్లని ఫైల్లో పెట్టలేం కదా మాస్టారూ."

సారా తండ్రి చొక్కా లాగింది. "నాన్నా, గుమాస్తాలు ఇద్దరున్నారు కదా. ఈయన సంతకం పెట్టకపోతే ఆయన్నడుగు."

(ఆయన కూడా పెట్టలేదు.)

నిబంధన 14(బి) ప్రకారం రోగం ఫోటోలో స్పష్టంగా కనబడాలి. జకరయ్యగారు వెళ్ళి దిద్దని ఫోటో కావాలని అడిగితే వీరాస్వామి నొచ్చుకున్నాడు. "వెనకాల మా స్టూడియో ముద్ర ఉంటదండి. మెల్లకన్నుతో బయటికి పంపితే రేపు నా దగ్గరకి ఎవరొస్తారండి?" చివరికి మధ్యేమార్గంగా పిల్లను పక్కకు తిప్పి తీశాడు. ఒక కన్నే పడింది. మెల్లకన్ను నిర్ధారణకు కనీసం రెండు కళ్ళుండాలని రాసి విభాగం దాన్ని వెనక్కి పంపింది. మూడోసారి నల్లకళ్ళద్దాలు పెట్టి తీశాడు. అది మహా బాగా వచ్చిందని ఒక కాపీ షోకేసులో పెట్టుకున్నాడు కూడా. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, అయినా నిబంధన నిబంధనే.

క్రిస్మస్ వెళ్ళింది, ఈస్టరూ వెళ్ళింది. ఆ మధ్య ఒకరోజు బాపట్ల ఆఫీసులో సారా, "నాన్నా, ఇప్పుడు గుమాస్తా ఒక్కడే ఉన్నాడు" అంది. ఇంట్లో అందరూ సంతోషించారు. తెనాలి డాక్టరు సంతోషించలేదు.

ఆయన మొహం చూశాక సారా తల్లి విజయమ్మ ఆగలేదు. ఇంకు పెన్ను తీసుకుని, మొదటి ఫోటోలోని ఎడమ కనుగుడ్డును తనే ముక్కు వైపు జరిపింది. కోపంలో కాస్త ఎక్కువే జరిగింది. "అబద్ధం గీస్తే తప్పు గాని, నిజం గీస్తే తప్పేంటండి?" అంది భర్తతో.

రంగనాయకులు ఆ ఫోటోను వెలుతుర్లో పెట్టి చూశారు. "ఫోటో అంటే ఇదండీ. ఇంత జబ్బు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండి?" అని మందలించి సంతకం పెట్టారు.

జూన్‌లో ఆపరేషన్ జరిగింది, కన్ను తిన్నగా నిలబడింది. నిబంధన ప్రకారం చికిత్స తర్వాతి ఫోటో కూడా పంపారు (వీరాస్వామికి ఈసారి పెన్సిల్‌తో పనిపడలేదు, కాస్త దిగులుపడ్డాడు). నెల తిరక్కుండా విభాగం నుంచి జాబు వచ్చింది. రెండు ఫోటోల్లో ఉన్నది ఒకే పిల్ల కాదనీ, చికిత్స ఎవరికి జరిగిందో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది.

ఆ జాబును సారాయే చదివి వినిపించింది. రెండో తరగతికి వచ్చింది కదా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది, కుడి కంటితోనే.