ముందు కుడి చక్రం

కారు టైర్లు మార్చిన రోజే ఇంట్లో మనుషుల చోట్లు కూడా మార్చాలన్న నిబంధన వచ్చి మూడేళ్ళు దాటింది కాబట్టి, ఆ ఆదివారం పొద్దున్నే పూర్ణానందం వాకిట్లో జాకీ ముందేసుకుని కూర్చుంటే వీధిలో ఎవరూ తల తిప్పి చూడలేదు. పదివేల కిలోమీటర్లకోసారి అందరూ చేసుకునే పనే. ఒకే చోట ఉన్న టైరు ఒకే వైపు అరిగినట్టు, ఒకే చోట ఉన్న మనిషీ ఒకే వైపు అరుగుతాడని సంబంధిత శాఖ ఎప్పుడో తేల్చింది.

పూర్ణానందం ఈ పనికి మెకానిక్కును పిలిచే రకం కాదు. వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, ముందు చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాడు. ఆ మధ్య ఒక మార్పిడిలో అతను తన తల్లి స్థానంలో ఉండి మోకాళ్ళ నొప్పులు పడ్డాడు. అంతకు ముందు కూతురు స్థానంలో ఉండి ఇంటర్ ఫిజిక్సు తప్పాడు. వాటికేమీ బాధపడలేదు, గడువు తీరగానే తిరిగి తన చోటికే వచ్చాడు. ఈసారి మాత్రం కొలతల్లో ఇంటిల్లిపాదిలోకీ అతనే ఎక్కువ అరిగినట్టు తేలింది. మిగతా ముగ్గురూ కదలనక్కర్లేదు, ముందు కుడి చక్రాన్ని డిక్కీలోకి పంపి స్టెప్నీని ముందుకు తెస్తే చాలునని శాఖవారు ఫారంలో రాశారు. అంటే ఇంటి యజమాని డిక్కీలోకి వెళ్ళాలి. ఆ ఇంటి స్టెప్నీగా నమోదైన తోడల్లుడు భావనారాయణ యజమాని కావాలి.

భావనారాయణ చేతిసంచితో దిగాడు. వాళ్ళింట్లో వాళ్ళ స్టెప్నీ అప్పటికే ఎక్కేసింది.

"అన్నయ్యగారూ, మీ చెప్పులు నాకు సరిపోతాయంటారా?"

"సరిపోతాయి. ఎడమది కాస్త కరుస్తుంది," అన్నాడు పూర్ణానందం. నట్లు ఎదురెదురుగా బిగించి, చేతులు కడుక్కుని, డిక్కీలో ముడుచుకు పడుకున్నాడు. భార్య హైమవతి మూత వేసింది.

డిక్కీలో చూడ్డానికి ఏమీ ఉండదు గాని వినడానికి చాలా ఉంటుంది. భావనారాయణ దారిలో కారాపి హైమవతికి తాటిముంజలు కొంటున్నాడు. కూతురు సింధుజ తన మార్కులు ఎవరూ అడక్కుండానే అతనికి చెబుతోంది. తల్లి అతన్ని "బాబూ" అంటోంది. ఒకరోజు మంగళగిరి దాటాక భావనారాయణ పెళ్ళివారి బస్సు జోకు చెప్పాడు. పూర్ణానందం పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్న జోకే. హైమవతి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

టీకొట్టు దగ్గర కారు ఆగగానే అతను లోపల్నించి మూత బాదాడు. ఆమె వచ్చి తీసింది.

"ఆ జోకు నాది హైమా."

"తెలుసండీ."

"మరి నేను చెప్పినప్పుడు ఒక్కసారీ నవ్వలేదేం?"

హైమవతి కాసేపు నిజంగానే ఆలోచించింది. "మీరు జోకు చెప్పిన వెంటనే కూరలో ఉప్పు గురించి అనేవారు కదండీ. మధ్యలో నవ్వడానికి టైముండేది కాదు," అని మూత వేసింది.

స్టెప్నీ హద్దు మీరుతోందని పూర్ణానందం ఫిర్యాదు రాసి పంపాడు. మూడో నెలలో శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంట్లో ఒక పూటంతా కూర్చుని, అన్నం తిని, డిక్కీ దగ్గరికొచ్చాడు.

"మీరున్నప్పుడు ఇల్లు కుడివైపుకి లాగేదండి. ముగ్గురూ అటూ ఇటూ పట్టుకుంటే గాని తిన్నగా పోయేది కాదు. ఇప్పుడు చేతులొదిలేసినా తిన్నగానే పోతోంది."

"ఇరవయ్యేళ్ళు మోశానండీ నేను."

"మోశారు. అందుకేగా అరిగారని రాశాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు మర్యాదగా. ఫిర్యాదు పరిష్కారమైనట్టు పూర్ణానందం చేతనే సంతకం పెట్టించుకున్నాడు.

ఏడో నెలలో పదివేలూ పూర్తయ్యాయి. పూర్ణానందం డిక్కీలోంచి దిగి, నడుం పట్టేసినా ఆగకుండా, ఎండ ముదరకముందే చక్రాలు తనే మార్చేశాడు. నట్లు రెండోసారి కూడా బిగించాడు. ఇక తన కుర్చీ తనది, తన ఇల్లు తనది అనుకున్నాడు. వాళ్ళింట్లో ఎక్కిన స్టెప్నీ ఇంకా దిగలేదు కాబట్టి భావనారాయణ వెళ్ళి డిక్కీలో పడుకున్నాడు.

అప్పుడు హైమవతి లోపలికెళ్ళి ఒక దిండు తెచ్చింది. తొడుగు కొత్తది. దాన్ని భావనారాయణ తల కింద సర్ది, డిక్కీ మూత పూర్తిగా వేయకుండా గాలి ఆడేటట్టు గుడ్డపీలిక అడ్డం పెట్టింది.

"అలవాటు లేని మనిషి పాపం," అంది భర్తతో.

కూరగాయలకని అందరూ కారెక్కారు. పూర్ణానందం స్టీరింగు పట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగాక, వెనక సీటులోంచి సింధుజ డిక్కీ వైపు తిరిగి ఏదో అడిగింది. లోపల్నించి ఏదో జవాబొచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళూ నవ్వారు. ఇంజను చప్పుడులో అతనికి మాట వినపడలేదు.

మార్కెట్టు ఎడమవైపుంది. పూర్ణానందం ఒకసారి కిలోమీటర్ల మీటరు చూసుకుని, డిక్కీలో చోటు మళ్ళీ తనకి రావాలంటే ఇంకో పదివేలు ఎంత తొందరగా తిరగొచ్చో లెక్క వేసుకుంటూ, కారును కుడివైపుకి తిప్పి ఒంగోలు రోడ్డెక్కించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.