లేరన్న ఒక్క మాట

ఆ సాయంత్రం దర్జీగారి కూతురు టీవీ పాటల పోటీలో పాడబోతోంది. పొద్దున్నే ఇస్త్రీ చేస్తుంటే ఆయన చొక్కా బొత్తాం విరిగింది. అలాంటిదే కొనుక్కొస్తానని వీధి చివరికి వెళ్లాడు. అప్పుడే టీవీ వాళ్ల నుంచి ఫోనొచ్చింది.

"మీ నాన్నగారితో మాట్లాడాలండీ."

"నాన్న లేరండీ," అంది కూతురు జడ అల్లుకుంటూ.

"అయ్యో! ఎప్పుడు పోయారు?"

"ఇప్పుడేనండీ."

అవతలి అమ్మాయి గొంతు తగ్గించింది. "మరి... సాయంత్రం మీరు రాగలరా?"

"తప్పకుండా. బాగా పాడమని చెప్పే వెళ్లారు."

"మీ గుండె ధైర్యానికి దండం పెట్టాలండీ. ఆయన ఫొటో ఒకటి పంపండి."

నాన్నని స్టూడియో లోపలికి రానివ్వడానికి కాబోలనుకుని పంపింది.

మధ్యాహ్నం స్టూడియో గేటు దగ్గర ఆమె ఫోను తీసేసుకున్నారు. మేకప్ చేసినామె కాటుక పెట్టలేదు. "ఎలాగూ కారిపోతుందిగా," అంది జాలిగా.

ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. వేదిక మీద దీపాలు తగ్గాయి. వెనక తెర నిండా తండ్రి ఫొటో, దానికి దండ. కూతురు గబుక్కున ముందుకు తిరిగి చూసింది. ప్రేక్షకుల్లో, వెనకే బస్సులో వస్తానన్న ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

"నాన్నకేమైంది?" అంది.

"నీ పాటలో బతికే ఉన్నారమ్మా, పాడు," అంది యాంకర్.

"ఫోనివ్వండి, ఒక్కసారి అమ్మతో మాట్లాడతాను..."

కెమెరా ఆమె కళ్ల దగ్గరికొచ్చింది. ఆమె పాడబోయి, పల్లవి మధ్యలోనే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. న్యాయనిర్ణేతలు లేచి చప్పట్లు కొట్టారు.

బస్సు దొరక్క ఆలస్యమైన దర్జీ అప్పుడే తలుపు తోసుకుని వచ్చాడు. దండలో ఉన్న తనని చూసి ఒక్క క్షణం తనకే అనుమానం వచ్చింది. వెంటనే వేదిక మీదికి పరిగెత్తాడు.

"ఏడవకే తల్లీ! నేనిక్కడే ఉన్నాను!"

కూతురు ఆయన మొహమంతా తడిమి చూసుకుంది. ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తూనే ఉంది.

డైరెక్టర్ ఊగిపోతూ వచ్చాడు. "పొద్దున పోయారన్నారుగా?"

"బొత్తాం కొనడానికండీ," అన్నాడు దర్జీ.

"అమ్మాయి చచ్చిపోయేలా ఉంది. మంచినీళ్లన్నా ఇవ్వండి," అని ఆయన బతిమాలుతుంటే, ఎవరో ఇద్దరినీ వెనక గుమ్మం దాకా నడిపించి తలుపేశారు.

మర్నాడు ఛానెల్ తీర్పు చెప్పింది: ప్రేక్షకుల కన్నీళ్లతో ఆడుకున్నందుకు ఆమెను పోటీనుంచి తొలగించారు. ఆ మాట చెబుతూ డైరెక్టర్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆయన ఏడుపుని మాత్రం మూడుసార్లు చూపించారు.