విన్నవారి సంతకం

మండుటెండల్లో ఫ్యాన్ల కంపెనీ మూతపడటం ఎక్కడైనా విన్నారా? మాది పడింది. పంతొమ్మిదేళ్ళు స్టోర్స్ గుమస్తాగా చేసిన నన్ను ఒక మధ్యాహ్నం పిలిచి, ఇక రానక్కర్లేదన్నారు.

ఇంటికి వెళ్ళాను గానీ నోరు విప్పలేదు. ఇంకో ఉద్యోగం దొరికాక, పోయిన వార్తా వచ్చిన వార్తా కలిపి చెబుదామని నా ఎత్తు. రోజూ తొమ్మిదింటికి సంచి తగిలించుకుని బయల్దేరి, ఊళ్ళో లైబ్రరీలో కూర్చునేవాణ్ణి.

"ఏమండీ, ఈమధ్య అలా చిక్కిపోయారేం?" అంది మా ఆవిడ.

"పని ఎక్కువ. గాలాడట్లేదు."

"ఫ్యాన్ల కంపెనీలోనా?"

ఇంతలో వేసవి సెలవులొచ్చాయి. లైబ్రరీవాళ్ళు పిల్లలచేత పుస్తకాలు చదివించే కార్యక్రమం మొదలెట్టి, హాలంతా వాళ్ళకే కేటాయించారు. లైబ్రేరియన్‌ని అందరూ ఉష్ మేడమ్ అంటారు. ఆవిడ నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"సెలవులయ్యేదాకా పెద్దవాళ్ళకి ప్రవేశం లేదండీ."

"మరి నేనెక్కడికి పోవాలి?"

"ఆఫీసుకి."

నా మొహం చూసి జాలిపడిందో ఏమో, వెంటనే మెత్తబడింది. "పోనీ, వినేవాళ్ళుగా చేరతారా? పిల్లలు పైకి చదువుతారు. మీరు చివరిదాకా విని, వాళ్ళ కార్డు మీద 'విన్నవారు' అన్నచోట సంతకం పెట్టాలి. మధ్యలో మాట్లాడకూడదు."

"పెళ్ళై పన్నెండేళ్ళయింది మేడమ్. అలవాటే."

మూడోరోజు నా ఎదుటి కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చున్నది మా పాపే. పదేళ్ళది. వాళ్ళమ్మ చేర్పించిందట. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా, మీ ఆఫీసు ఇక్కడికి మార్చారా?"

"కొన్నాళ్ళే. అమ్మకి చెప్పకు తల్లీ."

"చెప్పకపోతే నాకేంటి?"

"ఏం కావాలి?"

"నేను చదువుతుంటే ఫోను చూడకూడదు. ఇంట్లో చూస్తావుగా, అలాగ."

ఒప్పుకున్నాను. అది వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతుంది. ఇంట్లో అయితే రెండో వాక్యానికే పుస్తకం లాక్కుని నేనే గబగబా చదివేసేవాణ్ణి. ఇక్కడ వినక తప్పలేదు. వింటుంటే సిగ్గేసింది.

దాని నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది వారం గడిచినా ఇంట్లో చడీచప్పుడూ లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అలాగే మురిసిపోతుందనుకుంటా.

ఒక సాయంత్రం మా ఆవిడ పాప కార్డు తిరగేసింది. "ఈ విన్నాయన సంతకానికి అచ్చం మీ సంతకంలాగే తోకుందే?"

"లోకంలో తోకలు బోలెడు."

"తోక వెనకాల కోతి కూడా ఉంటుంది కదండీ."

మర్నాటి నుంచి ఎడంచేత్తో సంతకం పెట్టాను. ఆ గీతలు చూస్తే బొద్దింక సిరాలో పడి లేచి నడిచినట్టుంది. నాలుగోరోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ కార్డు బల్ల మీద కొట్టింది.

"ఇవి పెద్దవాళ్ళ సంతకాలేనా? ఎవరు పెట్టారే ఈ దొంగ సంతకాలు?"

పాప నా వైపు చూసింది. నేను పళ్ళెం వైపు చూశాను. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నేనే పెట్టుకున్నానమ్మా" అంది పాప.

"రేపు నేనే వచ్చి ఆ విన్నాయన్ని అడుగుతాను" అంటూ మా ఆవిడ లేచి వెళ్ళిపోయింది. పాప తిని, చెయ్యి కడుక్కుంది. నేను దీపం ఆర్పి పడుకున్నాను.

పొద్దున్నే ఉష్ మేడమ్‌ కాళ్ళావేళ్ళా పడైనా తప్పించుకుందామని లైబ్రరీకి పరిగెత్తాను. నాకంటే ముందే వచ్చి, పిల్లల కుర్చీలో మా ఆవిడ కూర్చుని ఉంది. పాప ఆమె వెనకాల నిలబడింది.

"కూర్చోండి" అంది. సంచిలోంచి ఒక కాయితం తీసి, పాపలాగే వేలు పెట్టి, పైకి చదవటం మొదలెట్టింది. "మీ సేవలు ఇకపై అవసరం లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము..."

కంపెనీవాళ్ళు ఆ ఉత్తరాన్ని ఇంటికి పంపుతారని నాకు తట్టనే లేదు.

"అది కాదే, నేను..."

"ఉష్!" అంది మేడమ్ బల్ల దగ్గర్నుంచి. "చదివేవాళ్ళకి అడ్డం రాకండి."

చివరి అక్షరం దాకా విన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఇరవై రోజులు. ఉత్తరం వచ్చిన మర్నాడే మీ వెనక వచ్చి, ఆ కిటికీలోంచి చూశాను. పాపని ఇక్కడెందుకు చేర్పించాననుకున్నారు?"

"చదువుకోటానికి."

"మిమ్మల్ని కనిపెట్టి ఉండటానికి. ఉద్యోగం పోయిందని నోరు విప్పని మనిషి ఏ అఘాయిత్యం చేస్తాడోనని నా భయం. రోజూ అది వచ్చి 'నాన్న ఉన్నాడమ్మా' అని చెప్పాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని."

నేను పాప వైపు చూశాను. అది సిగ్గుపడుతూ బూటు నేలకేసి రాస్తోంది.

"రాత్రి నేను అరిచింది మీ నోరు విప్పిద్దామనే. నేరం తన మీద వేసుకోమని మాత్రం నేను చెప్పలేదు. అది దాని సొంతం." మా ఆవిడ కాయితం మడిచి సంచిలో పెట్టింది. "మీరు చూస్తూ ఊరుకున్నారు."

లేచి నిలబడ్డాను. ముప్ఫైమంది పిల్లలు, ఉష్ మేడమ్ వినేలా చెప్పాను. "ఆ పిచ్చి గీతలు నావే. నేను ఈ పిల్ల తండ్రిని. నాకు ఉద్యోగం లేదు."

ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని కుర్చీ ఖాళీ చేసింది. పాప కూర్చుని, పుస్తకం తెరిచి, కార్డు నా వైపు తోసింది.

"ముందు విను నాన్నా. సంతకం తర్వాత" అంది.