రెయిలింగు మహాప్రణాళిక

సోల్‌బాకెన్ గృహ సహకార సంఘ సభ్యులకూ, ఇది చదివే ఇతర బాధ్యతగల పౌరులకూ తెలియజేయడమేమనగా: మన భవనం ముందు మెట్లకు ఉన్న కర్ర రెయిలింగు చలికాలంలో ఊడిపడిన మాట నిజమే. అయితే దాన్ని ఎవరూ తొందరపడి బిగించరాదనుకున్నాం. బిగించడం ఎలాగో మన అధ్యక్షులు టోర్‌గైర్ గారు అప్పటికింకా చదువుకుంటున్నారు.

టోర్‌గైర్ బెర్గెన్ రేవు దగ్గర ఒక కార్యాలయంలో పనిచేస్తారు. అక్కడ నలుగురిచేత పని చేయించే కుర్చీ ఎక్కాలంటే ప్రాజెక్టు నిర్వహణలో సర్టిఫికెట్ ఉండాలి. పని వచ్చి ఉండాలన్న నిబంధన మాత్రం లేదు. ఆ పరీక్ష ఆయన రెండుసార్లు రాశారు. రెండుసార్లూ పరీక్షే ఆయన్ని అర్థం చేసుకోలేకపోయింది. మూడోసారీ తప్పితే, ఆయన దగ్గర కాఫీ మిషను వాడటం నేర్చుకున్న పిల్ల వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఆ ఊహకే ఆయనకు చేపముక్క గొంతు దిగేది కాదు. శిక్షణ ఇచ్చేవారు ఒక ఉపాయం చెప్పారు: చేతికందిన చిన్న పని ఒకటి తీసుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నడిపించండి, అన్నీ బుర్రకెక్కుతాయి. ఇంట్లో చూస్తే చిన్న పనులేవీ మిగల్లేదు. భార్య అన్నిటినీ ఏ ప్రణాళికా లేకుండా చేసేసి కూర్చుంది. అలా ఆయన చూపు రెయిలింగు మీద పడింది.

మామూలుగా అయితే అది దుగ్నాద్ నాటి పని, అంటే అందరం కలిసి చేసే శ్రమదానం. దేశమంతా జరుపుకునే జెండా పండుగ రాకముందు, వసంతంలో ఒక శనివారం ఇళ్ళవాళ్ళందరం చీపుర్లూ పారలూ రంగు డబ్బాలూ పట్టుకుని దిగుతాం. ఊడ్చి, గోకి, పూసి, సాసేజీలు తిని ఇళ్ళకు పోతాం. రానివాళ్ళను ఎవరూ ఏమీ అనరు. ఏడాది పొడవునా మర్యాదగా నమస్కారం పెడతారు, అంతకు మించిన శిక్ష మా ఊళ్ళో లేదు. ఆ లెక్కన రెయిలింగు బిగించడం పై అంతస్తులో ఉండే హాల్వర్ వంతు. అతనికి డ్రిల్లు ఉంది, ఒక సాసేజీ ఉడికేలోగా బిగించేస్తాడు.

ఆ రెయిలింగుతో నిజంగా అవసరం ఉన్న మనిషి గుడ్రున్ ఒక్కరే. కింది వాటాలో ఉంటారు, ఈ వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన పంతులమ్మ. రెయిలింగు ఊడినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నది ఆవిడే. అప్పుడు పడి విరిగిన తుంటి ఎముక అతికింది గానీ, మెట్లకు ఆసరా బిగించేదాకా ఇంటికి పంపేది లేదని పునరావాస కేంద్రంవారు చెప్పారు. ఏటా మే పదిహేడున, ఆ జెండా పండుగనాడు, బడిపిల్లల ఊరేగింపు మా గేటు ముందు నుంచే వెళుతుంది. ఆవిడ జెండా పట్టుకుని గేటు దగ్గర నిలబడితే పిల్లలు ఆగి జేజేలు కొట్టి కదులుతారు. ఆవిడ ఫోను చేశారు. "ఏం నాయనా టోర్‌గైర్, జెండా రోజుకి నేను గేటు దగ్గర ఉండాలి. ఈ ఏడు తప్పితే మళ్ళీ ఏడు ఉంటానో లేదో." టోర్‌గైర్ కదిలిపోయి, ఆ మాటను 'వినియోగదారుని అంచనా' కింద రాసుకున్నారు.

దుగ్నాద్ రోజున వానకోట్లు తొడుక్కుని అందరం చేరాం. హాల్వర్ డ్రిల్లు ఎత్తాడు.

"దింపు హాల్వర్, దింపు. 'వెంటనే పని మొదలుపెట్టుట' అన్నది ఆ పరీక్షలో ఎప్పుడూ తప్పు జవాబే," అన్నారు టోర్‌గైర్.

"మరి ఒప్పు జవాబేంటయ్యా?"

"సంబంధితులందరినీ సంప్రదించి, ప్రభావాన్ని అంచనా వేయుట."

హాల్వర్ చేతిలోని మరలవైపు చూసుకున్నాడు. "ప్రభావమేముంది? పట్టుకుంటే పడం." ఇది ఆధారం లేని అభిప్రాయంగా నమోదైంది.

సంప్రదింపులు మొదలయ్యాయి. మెట్ల కింద గూడు కట్టిన పక్షి కూడా సంబంధితురాలేనని తేలింది, కాని అది సమావేశానికి రాలేదు. రెయిలింగుకు తెల్లరంగు వేయాలని అందరం ఒప్పుకుని, ఏ తెలుపో తేల్చడానికి ఉపసంఘం వేశాం. ప్రమాదాల పట్టికలో వానను చేర్చలేదు. బెర్గెన్‌లో వాన ప్రమాదం కాదు, వాతావరణం. ఎండను చేర్చాం. ఎండ కాస్తే మనుషులు పనులొదిలి షికారుకు కొండెక్కిపోతారు. డ్రిల్లునూ హాల్వర్‌నూ కలిపి 'వనరులు' అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి తనకు తెలియలేదని హాల్వర్ భార్య ఆశ్చర్యపోయింది. నేను సమాచార సమన్వయకర్తనయ్యాను. ఏమీ జరగలేదన్న సంగతిని వారం వారం అందరికీ, గుడ్రున్ ఉన్న కేంద్రానికీ తెలియజేయడం నా బాధ్యత. ఒళ్ళు అలవకుండా ఇన్ని సాసేజీలు తిన్న దుగ్నాద్ నా ఎరుకలో లేదు, చాలా ఆనందంగా గడిచింది. పని మొదలుపెట్టాల్సిన శనివారం ఎండ కాసింది. అందరం కొండెక్కాం. అక్కడ రాతి మీద కూర్చుని చదువుకుంటున్న టోర్‌గైర్, తాను ఊహించిన ప్రమాదమే జరిగినందుకు పొంగిపోయారు.

ఇంతలో ఒక దారుణం జరిగింది. హాల్వర్ ఉండబట్టలేక, పనినుంచి వస్తూ వస్తూ రెయిలింగు బిగించేశాడు. టోర్‌గైర్ దాన్ని పట్టుకుని ఊపారు, కదల్లేదు. ఆయన ముఖం పాలిపోయింది. ఇది అనుమతి లేని మార్పు. పైగా పరీక్షకు ముందే ప్రాజెక్టు పూర్తయితే ఆయన దేనిమీద చదవాలి? అత్యవసర సమావేశం పెట్టి, రెయిలింగు ఊడదీయాలని ఏకగ్రీవంగా తీర్మానించి, అప్పటికప్పుడే ఊడదీయించాం. నేనూ చెయ్యెత్తాను. మా దగ్గర ఏకగ్రీవం చెడగొట్టడం పాపం.

ఆ వారం నా నివేదికలో 'రెయిలింగు పనిలో ఊహించని పురోగతి' అని రాశాను. రాసిందంతా నిజమే. పునరావాస కేంద్రంవారు అది చదివి సంతోషించి, జెండా పండుగ ముందురోజు గుడ్రున్‌ను బండిలో తెచ్చి మెట్ల కింద దింపి వెళ్ళిపోయారు. చక్రాల కుర్చీలో ఆవిడ, పైన వాన. టోర్‌గైర్ సరిగ్గా అప్పుడే పరీక్ష రాస్తున్నారు. అధ్యక్షులు లేకపోవడంతో మాకు ఒప్పు జవాబు తోచలేదు. హాల్వరూ నేనూ మరో ఇద్దరు పొరుగువాళ్ళూ కుర్చీని నాలుగు పక్కలా పట్టుకుని, నవ్వుతున్న ఆవిడను గుమ్మంలో దించేశాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా హాయిగా అనిపించింది.

సాయంత్రానికి టోర్‌గైర్ ఉత్తీర్ణులై వచ్చారు. వాఫుల్స్ వేసుకున్నాం. వినియోగదారు ఇల్లు చేరారు గనుక, రెయిలింగు లేకుండానే లక్ష్యం నెరవేరిందని ఆయన ప్రకటించి ప్రాజెక్టు ముగించారు. మేమంతా చప్పట్లు కొట్టి, అదే ఊపులో ఆ కోర్సులో పేర్లు ఇచ్చేశాం. హాల్వర్ కూడా ఇచ్చాడు. అతని పనిచోట కూడా అడుగుతున్నారట.

మర్నాడు బాజాలు మోగుతూ ఊరేగింపు వచ్చింది. గుడ్రున్ పండుగ దుస్తుల్లో, చంకలో కర్రతో, చేతిలో జెండాతో మెట్ల పైన నిలబడ్డారు. "ఎక్కించారుగా, దించండి మరి," అన్నారు. మేము నలుగురం ముందుకు ఒక అడుగు వేసి ఆగాం. దించడం కొత్త ప్రాజెక్టు. టోర్‌గైర్ వైపు చూశాం. ఆయన, మొదట ప్రభావం అంచనా వేద్దామన్నారు. మేము తలలూపాం, మొదటి పాఠం అప్పటికే చదివేశాం.

ఊరేగింపు గేటు దాటబోతోంది. గుడ్రున్ మావైపు చూడటం మానేశారు. "ఇలా రండర్రా," అని పిల్లల్ని పిలిచారు.

పిల్లలు వరస తప్పి లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే మెట్టుకొకరు చొప్పున అంచున నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్క భుజమే పట్టుకుంటూ, ఒక్కొక్క మెట్టే దిగి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. జేజేలు వీధి చివరిదాకా వినిపించాయి. నా కళ్ళు చెమర్చాయి, వాన వల్ల కాదు.

అయినా క్రమశిక్షణ క్రమశిక్షణే. ఆ సాయంత్రమే సమావేశమై, సంబంధితులను సంప్రదించకుండా పిల్లలు చేసిన ఈ పనిని గట్టిగా విచారించాం. వారి తప్పేమీ లేదు, వారికి ఇంకా ఎవరూ నేర్పలేదు. వచ్చే ఏడాది నుంచి బడిలో ఒకటో తరగతిలోనే ప్రాజెక్టు నిర్వహణ చెప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. బడివారు వెంటనే ఒప్పుకున్నారు. తల్లిదండ్రులూ సంతోషించారు.