కుచ్చమ్మ పారేసిన చెత్త

ఈ అడవిలో చెట్లు లేవు, రాళ్లున్నాయి. సూర్యుడు లేడు, ట్యూబ్‌లైటు ఉంది. కాకినాడలో ఇందుమతి గారి హాల్లో, సోఫా పక్కనున్న ఉప్పునీటి గాజుతొట్టె అది. అయినా అడవికి ఉండాల్సిన హంగులన్నీ ఉన్నాయి. అంటే ఒక సంఘం, దానికో అధ్యక్షుడు.

అధ్యక్షుడి పేరు పీతాంబరం. ఏ నత్తో చచ్చి వదిలేసిన శంఖంలో దూరి, అది తమ తాతల నాటి మేడ అని చెప్పుకునే పీత. కార్యదర్శి మీసాల రొయ్య. అధ్యక్షుడు నోరు తెరవకముందే "చిత్తం" అనేది. మిగిలిన సభ్యుడు రంగనాయకులు, చారల చేప. పొగడటం తప్ప వాడికి వేరే పని తెలీదు.

తొట్టె మూల రాతి సందులో ఈకపురుగులు ఉండేవి. ఒక్కోదానికీ ఒక మెత్తటి గొట్టమే ఇల్లు. గొట్టంలోంచి తల బయటపెట్టి, ఈకల కుచ్చు విసనకర్రలా విప్పి, నీళ్లలో తేలే మేత నలకల్ని పట్టుకు తినేవి. పైన నీడ పడిందా, చటుక్కున లోపలికి పోయేవి. వాటిలో పెద్దది కుచ్చమ్మ.

ఇంటికొచ్చిన చుట్టాలంతా ఆ మూలకే చేరేవారు. "ఇవి పురుగులా! పువ్వులనుకున్నానండీ!" అని మురిసిపోయేవారు. పీతాంబరం అద్దం ముందు అటూ ఇటూ ఎంత నడిచినా ఎవరికీ పట్టేది కాదు. ఒకావిడ మాత్రం, "అదేంటి, ఆ రాయి కదిలినట్టుందే?" అంది.

ఆ సాయంత్రమే సంఘం సమావేశమైంది.

"మన నీళ్లలో నలకలు ఎక్కువైపోయాయి," అన్నాడు పీతాంబరం. "ఆ మసకలో చుట్టాలకి మనం కనబడటం లేదు. ఇక మీదట మన తొట్టె అద్దంలా మెరవాలి."

"చిత్తం," అంది రొయ్య.

"ఎంత దూరదృష్టి!" అన్నాడు రంగనాయకులు.

పీతాంబరం నీళ్లు వడకట్టే మిషను గొట్టం పట్టుకుని పైకి పాకి, దాని మీట చివరికంటా తిప్పేశాడు. ఇందుమతి గారు మేతపొడి చల్లడం ఆలస్యం, మిషను దాన్ని లాగేసుకునేది. పీతా, రొయ్యా, చేపా పెద్ద పలుకులు ముందే ఏరుకునేవి. ఈకపురుగుల దాకా నలక కూడా వచ్చేది కాదు.

కుచ్చమ్మ బతిమాలుకుంది. "అయ్యా, ఆ నలకలే మా అన్నం. మీట కాస్త తగ్గించండి."

"తినేవాళ్లు వెళ్లి ఏరుకోవాలి. మేం తినడం లేదూ?"

"మాకు కాళ్లు లేవు కదయ్యా. గొట్టం వదిలి ఎక్కడికి రాగలం?"

"దాన్నే బద్ధకం అంటారు," అన్నాడు పీతాంబరం.

కడుపు మాడింది. కుచ్చు మోసే ఓపిక కూడా లేక కుచ్చమ్మ దాన్ని వదిలేసింది. ఎర్రటి ఈకలు ఇసుక మీద పడ్డాయి. వెనకే మిగతా పురుగులూ వదిలేశాయి.

రొయ్య మీసాలు ఎగరేసుకుంటూ వచ్చింది. "బహిరంగ స్థలంలో చెత్త పారేశారు. ఇది నేరం. సంజాయిషీ చెప్పుకోండి."

గొట్టాల్లోంచి జవాబు రాలేదు.

"నిర్లక్ష్యం," అని రొయ్య అధ్యక్షుడికి చెప్పింది.

గొట్టాలు ఖాళీ అని తేలాక సంఘం సంతాప సభ పెట్టింది. "మన కుచ్చమ్మ గారు పరిశుభ్రత కోసం ప్రాణాలర్పించారు," అని పీతాంబరం గొంతు బొంగురు చేసుకున్నాడు. రంగనాయకులు ఏడుస్తూనే చప్పట్లు కొట్టాడు.

నీళ్లు నిజంగానే అద్దంలా మెరిశాయి. చుట్టాలొచ్చారు, ఒకసారి చూశారు, టీవీ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఏవండీ, తొట్టె బోసిపోయింది," అంది ఇందుమతి గారు భర్తతో. "ఏదైనా హుషారైన చేపని తెద్దాం."

తెచ్చారు. గుండ్రటి పొట్ట, ఉబ్బిన బుగ్గలు, గవ్వల్ని పటపట నమిలే పళ్లు. బెలూన్ చేప అట.

పీతాంబరం ఎదురెళ్లి స్వాగతోపన్యాసం మొదలుపెట్టాడు. "నిర్మలమైన మా నీళ్లలోకి..."

మసక ఉన్న రోజుల్లో ఏ రాయి చాటునో తప్పించుకునేవాడేమో. ఇప్పుడు తొట్టె ఆ చివర నుంచి ఈ చివరకి అంతా స్పష్టంగా కనబడుతోంది. తాతల నాటి మేడ ఒక్క కొరుకుకి చిట్లింది. రొయ్య చివరిసారి కూడా "చిత్తం" అంటూనే బెలూన్ చేప నోట్లోకి పోయింది.

రంగనాయకులు మాత్రం, "తమరి పలువరస ముత్యాలండీ!" అంటూ పొగుడుతూ వెనక్కి ఈదుతున్నాడు.

నీతి: ఊరు పూర్తిగా శుభ్రపడాలంటే ఊళ్లో ఎవరూ మిగలకూడదు.