ఆదరణ కమిటీకి కొలతలు

మా వీధిలో క్షయ రోగులకూ వారి కుటుంబాలకూ అండగా నిలిచేందుకు ఆదరణ కమిటీ ఏర్పడిందని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము. దండలూ ఫొటోలూ అయ్యాక రోగి కోసం వెతికారు. కమిటీ అదృష్టం, దర్జీ దొరికాడు.

దర్జీకి జబ్బు చేసిన మాట నిజమే. మందులు క్రమం తప్పకుండా మింగుతున్నాడు. ఇక అతని వల్ల ఎవరికీ అంటదని డాక్టరు చెప్పేశాడు కూడా. డాక్టరుకేం తెలుసు, మా వీధికి తెలిసినంత! కుట్టడానికిచ్చిన గుడ్డలు కుట్టకముందే వెనక్కి పట్టుకెళ్ళారు. ఇల్లు గడవక కుట్టు మిషను అమ్మేద్దామని మొగుడూ పెళ్ళాం అనుకుంటున్నారు.

రోగి వివరాలు పరమ గోప్యంగా ఉంచాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని దర్జీ ఇంటి ముందు మైకు పెట్టి చదివారు. చెవులు సరిగా వినపడనివారి సౌకర్యార్థం బ్యానరు కూడా కట్టారు: "ఈ ఇంటివారిని చిన్నచూపు చూడకండి." కింద బాణం గుర్తు. అంతవరకు సంగతి తెలియని పక్క వీధుల వాళ్ళు కూడా, ఎవరిని చిన్నచూపు చూడకూడదో వచ్చి చూసి వెళ్ళారు.

అధ్యక్షులవారు స్వయంగా విచ్చేశారు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గుమ్మానికి దూరంగా నిలబడి ప్రసంగించారు.

"సోదరా! నువ్వు ఒంటరివి కావు. మా ఆదరణ నీకు నిండుగా ఉంటుంది!"

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఇంటి ముందుగదిలోనే ఉన్న దర్జీ కొట్టు బోర్డు మీద "మీ ఆదరణే మా బలం" అని రాసి ఉంటుంది. కొట్టు నడిపేవాడికి ఆ మాటకు ఒకటే అర్థం. పాపం, ముఖం చాటంత చేసుకుని, మెడలో టేపుతో పరుగున బయటికొచ్చాడు.

"చాలా సంతోషం సార్! చొక్కానా, ప్యాంటా? ఏమేవ్, కుర్చీ తే! చేతులు కాస్త పైకెత్తండి సార్."

అధ్యక్షులవారు చేతులెత్తారు, కొలతకు మాత్రం కాదు. అలాగే వెనక్కి నడిచారు. వెనకున్న కోశాధికారి మురిక్కాలువలో పడ్డాడు.

"ఇప్పుడు తొందరేముందయ్యా, చూద్దాంలే," అన్నారు మాస్కులోంచి.

దర్జీ భార్య కుర్చీ పట్టుకుని బయటికొచ్చింది. "ఆదరణంటే కుట్టించుకోవడమే కదా అన్నయ్యగారూ? ఆ మిషను తిరిగితేనే మా పొయ్యి వెలిగేది. ఈయనకెలాగూ తగ్గిపోతోంది. మీకెప్పుడు తగ్గుతుందండీ?"

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఆదరణ అనే మాట అపార్థాలకు తావిస్తోంది కనుక, కమిటీ పేరును సానుభూతిగా మార్చారు. దానికైతే కొలతలు అక్కర్లేదు. కొత్త బ్యానరును అంచు కుట్టించడానికి బజారు అవతల ఇంకో దర్జీ దగ్గరికి పంపారు.

మిషను ఇంకా ఇంట్లోనే ఉంది. అమ్ముతామన్నా, దగ్గు మిషనని ఎవరూ కొనడం లేదు.

నవ్వుకున్నారుగా, మంచిది. మీ చొక్కాకు చంక కింద కుట్లు ఊడాయి, చూసుకోండి. దర్జీ కొట్టు తెరిచే ఉంది. ఏమిటీ, చూద్దామంటారా? అయితే దయచేయండి, కమిటీలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.